వాచీకి ఎండ తెలీదు

(విజయవాడలో పరుగు సాధన చేసేవాళ్ళ కోసం మొన్న ఆదివారం పొద్దున జరిగిన సమావేశంలో ఒక రిటైర్డ్ వ్యాయామోపాధ్యాయుడి ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని ఎక్కించాం. తడబాట్లు తీసేశాం, మాటలు ఆయనవే.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల వాళ్ళకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. వినపడనివాళ్ళు చెయ్యెందుకు ఎత్తుతారులెండి, అదొకటి. ఆ ఫ్యాను గాలి మైకులోకి కొడుతోంది బాబూ, కాస్త అటు తిప్పు. ఆ, చాలు.

ఇందాక నన్ను పరిచయం చేసినాయన "సీనియర్ కోచ్ గారు" అన్నారు. కోచ్‌నీ కాదు, ఏమీ కాదండీ. డ్రిల్లు మాష్టార్ని. ముప్ఫై రెండేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఈల ఊదాను. నా సామాను ఏంటయ్యా అంటే ఒక ఈల, ఒక స్టాప్‌వాచీ, ముప్ఫై మీటర్ల టేపు, గ్రౌండు గీతలకి సున్నం బకెట్టు. అంతే. ఇప్పుడు మీ చేతులకున్న సామాను ఖరీదు కూడితే మా స్కూలుకి ప్రహరీగోడ కట్టొచ్చు. వెక్కిరింపు కాదు. నా చేతికీ ఉంది స్మార్ట్‌వాచీ, చూడండి. అందుకే మాట్లాడ్డానికి వచ్చాను.

ఇక్కడ రెండు రకాల వాళ్ళున్నారు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారవుతున్న పిల్లలు ఒక పక్క. మగపిల్లలకి 1600 మీటర్లు 8 నిమిషాల్లో, 100 మీటర్లు 15 సెకన్లలో. రెండో పక్క ఐదు కిలోమీటర్ల పరుగు, పది కిలోమీటర్ల పరుగు అంటూ పేర్లిచ్చినవాళ్ళు, బ్యాంకుల్లో, షాపుల్లో, సాఫ్ట్‌వేర్లో పనిచేసేవాళ్ళు. వాళ్ళకి ఉద్యోగం కావాలి, వీళ్ళకి పొట్ట తగ్గాలి. ఇద్దరికీ ఎండ మాత్రం ఒకటే. బెజవాడ ఎండ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు ఊరికే అన్లేదు. రోళ్ళే పగిలితే మన సంగతేంటి?

ముందు నా తెలివితక్కువతనం ఒకటి చెప్తాను. నవ్వుకోండి పర్లేదు.

నేను రిటైరైన మరుసటేడు మా అబ్బాయి ఈ వాచీ పంపాడు. నాన్నా, నువ్వెంత వేగంగా పరిగెత్తాలో ఇందులో పెట్టుకో, తగ్గితే అదే చెబుతుంది అన్నాడు. సరేనని కిలోమీటరుకి ఆరున్నర నిమిషాలు అని పెట్టాను. చలికాలంలో నేను హాయిగా పరిగెత్తే వేగమే అది. మే నెలాఖరు. ఆ రోజు ఇంట్లో ఏదో పనిపడి బయల్దేరేసరికి ఏడైపోయింది. ప్రకాశం బ్యారేజీ మీద ఇటునుంచి సీతానగరం వైపు వెళ్ళి, మళ్ళీ వెనక్కి. కుడిచేతి వైపు కృష్ణ నిండా నీళ్ళున్నాయి, ఎడమచేతి వైపు ఇసక. గాలి మాత్రం ఆకు కదల్లేదు. రెండో కిలోమీటర్లో వేగం తగ్గింది. వాచీ జుయ్ మంది. పెంచాను. మళ్ళీ తగ్గింది. మళ్ళీ జుయ్. మణికట్టు మీద కూర్చుని మేస్త్రీ గిల్లుతున్నట్టు. ముప్ఫై రెండేళ్ళు పిల్లల్ని ఈల ఊది పరిగెత్తించానా, ఆ పాపమంతా ఆ ఒక్కరోజే చుట్టుకుంది.

సీతానగరం చివరికి వచ్చేసరికి ఏం జరిగిందో తెలుసా? చలేసింది. అంత ఎండలో ఒళ్ళు జలదరించింది, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. నేను ఏమనుకున్నానంటే, అబ్బ, చల్లగాలి తగిలినట్టుంది అనుకున్నాను! ఎక్కడి చల్లగాలి? అది ఒళ్ళు పెట్టే కేక. అక్కడ చెరకురసం బండి ఒకటుంది. ఆ అబ్బాయి గెడ తిప్పేవాడల్లా ఆపి, "ఏంటి బాబాయ్, తూలుతున్నావు" అన్నాడు. లేదు బాబూ అందామనుకున్నాను, నాలిక తిరగలేదు. చెయ్యి పట్టుకుని బండి నీడన కూర్చోబెట్టాడు. గోనెసంచి విప్పి, మంచుగడ్డ మీద ఊక దులిపి, సుత్తితో కొట్టి, తన తువ్వాల్లో ముక్కలు మూటగట్టి మెడ వెనక పెట్టాడు. ఇంకో మూట చంకలో. నెత్తిన చెంబుడు నీళ్ళు. ఎవరు నేర్పారు ఆ కుర్రాడికి? ఎండలో బతికేవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు.

నేనట్లా కూలబడి ఉన్నానా, చేతి మీద వాచీ మళ్ళీ జుయ్ మంది. వేగం తగ్గింది, పెంచు అని!

సాయంత్రం ఫోన్లో చూస్తే దాని తీర్పు: అన్‌ప్రొడక్టివ్. అంటే నీ సాధన దండగ, నువ్వు వెనక్కి పోతున్నావు అని. చాలామందికి ఏప్రిల్, మే నెలల్లో ఇదే మాట కనపడుతుంది. ఎవరికి కనపడిందో చెయ్యెత్తండి. చూశారా, సగం మంది. దాన్ని నమ్మి ఏం చేస్తారు? ఇంకా గట్టిగా పరిగెత్తుతారు. అక్కడే కొంప మునిగేది.

ఇప్పుడు ఒక కథ చెప్తాను, ఇది మాత్రం నాది కాదు. జ్యోతి యర్రాజి తెలుసు కదా? మన విశాఖపట్నం పిల్ల. గుంటూరుకీ మనకీ మధ్యనున్న నాగార్జున యూనివర్సిటీ తరఫున కూడా పరిగెత్తింది. 2022 ఏప్రిల్లో కోళికోడ్ ఫెడరేషన్ కప్పులో 100 మీటర్ల హర్డిల్స్ 13.09 సెకన్లలో అయిపోగొట్టింది. అప్పటికి దేశం రికార్డు ఎంత? 13.38. అనురాధా బిస్వాల్ 2002లో పెట్టింది, ఇరవై ఏళ్ళుగా కదల్లేదు. మరి 13.09 రికార్డు అయిందా? కాలేదు. ఎందుకు కాలేదు? వెనక నుంచి గాలి సెకనుకి 2.1 మీటర్ల వేగంతో వీచింది. నిబంధన 2.0. ఒక్క పాయింటు! గాలి నిన్ను తోసిందమ్మా, ఈ టైము నీ ఒక్కదానిది కాదు అన్నారు. ఆ అమ్మాయి ఏడుస్తూ కూర్చోలేదు. మే నెలలో సైప్రస్ వెళ్ళి 13.23 కొట్టింది, రికార్డు రాసుకున్నారు. మరుసటేడు బ్యాంకాక్‌లో ఆసియా స్వర్ణం గెలిచిన టైమెంతో తెలుసా? అదే 13.09. ఈసారి ఎవరూ కొట్టెయ్యలేదు. ఆ తర్వాత 12.78 దాకా వెళ్ళింది.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, అథ్లెటిక్స్‌లో 100 మీటర్లకీ 200 మీటర్లకీ టైము ఒక్కటే రాయరు. పక్కన గాలి ఎంతో రాస్తారు. పక్కన గాలి లెక్క లేకపోతే ఆ టైము రికార్డుకి చెల్లదు. మరి మనం? ఐదు కిలోమీటర్లు 32 నిమిషాలు అని గ్రూపులో పెడతాం. ఎండ ఎంతో పెడతామా? ఉక్క ఎంతో పెడతామా? డిసెంబర్లో 32 నిమిషాలూ, మే నెలలో 32 నిమిషాలూ ఒకటేనా? గాలి తోస్తే టైము పక్కన రాస్తారు కదా, ఎండ వెనక్కి లాగితే ఎందుకు రాయం? నేను చెప్పదల్చుకున్న విషయం అంతా ఇంతే. తొందరగా వెళ్ళాల్సినవాళ్ళు ఇది విని వెళ్ళిపోవచ్చు.

ఎవరూ లేవలేదు. సరే, వివరంగా చెప్పుకుందాం.

పరిగెత్తేటప్పుడు ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తిలో కాళ్ళని ముందుకు నడిపేది పావు వంతు. మిగతా ముప్పావు వంతు వేడి. కారు ఇంజన్ లాగే. ఆ వేడిని బయటికి పంపాలి. పంపేది ఎవరు? రక్తం. లోపలి వేడిని మోసుకొచ్చి చర్మం దగ్గర దింపుతుంది. కానీ అదే రక్తం కాళ్ళ కండరాలకి ఆక్సిజన్ కూడా మొయ్యాలి. మన కృష్ణా కాలవల సంగతి మీకు చెప్పక్కర్లేదు. నీళ్ళు తక్కువున్న ఏడు ఎగువ వాళ్ళు తూములెత్తేస్తే శివారు భూములకి ఏం మిగుల్తుంది? ఎండాకాలం ఒంట్లోనూ అంతే. చర్మం ఎగువ రైతు. కాళ్ళు శివారు. పైగా చెమట రూపంలో కాలవలో నీళ్ళే తగ్గిపోతుంటాయి. అప్పుడు గుండె ఏం చేస్తుంది పాపం? ఉన్న కాస్త నీళ్ళనే ఎక్కువసార్లు తోడుతుంది. అందుకని అదే వేగానికి చలికాలం కంటే నిమిషానికి పది, ఒక్కోసారి ఇరవై దెబ్బలు ఎక్కువ కొట్టుకుంటుంది. అది మీ చేతగానితనం కాదు.

ఇక చెమట. చెమట పడితే చల్లబడతాం అనుకుంటాం. తప్పు. చెమట ఆరితే చల్లబడతాం. కారి కింద పడిందనుకోండి, దండగ. మట్టికుండ చూడండి. గాలి పొడిగా ఉన్నప్పుడు కుండ పైన చెమ్మ ఆరుతూ ఉంటుంది, లోపల నీళ్ళు ఐసులా ఉంటాయి. అదే ఉక్కపోత రోజు కుండ ఒళ్ళంతా తడితడిగా ఉంటుంది, నీళ్ళు మాత్రం గోరువెచ్చన. రెంటచింతలలో ఎండ పేరుమోసిందే, కానీ అక్కడ కుండ పనిచేస్తుంది. మన దగ్గర కృష్ణ పక్కన, కాలవల మధ్య, పొద్దున అయిదింటికి ముప్ఫై డిగ్రీలే ఉన్నా బనీను పిండితే నీళ్ళు కారతాయి. అది చూసి, అబ్బో బాగా చెమట పట్టింది, కొవ్వు కరిగింది అని సంబరపడతారు. కరిగింది కొవ్వు కాదు నాయనా, మీ రక్తంలో నీళ్ళు.

కొన్ని ఖరీదైన వాచీలు ఎండని కూడా లెక్కేస్తాయి మాష్టారూ అంటారు. వేస్తాయి. ఎక్కడి ఎండని? ఫోన్లో వాతావరణం చూసి తీసుకుంటాయి. మన ఊరి లెక్క ఎక్కడ కొలుస్తారు? గన్నవరం విమానాశ్రయం దగ్గర. ఎలా కొలుస్తారు? తెల్లరంగు చెక్కపెట్టెలో, నీడన, నేలకి నాలుగడుగుల పైన. మీరేమో బందరు రోడ్డు తారు మీద, రెండు పక్కలా అద్దాల షోరూముల మధ్య పరిగెడుతున్నారు. వాచీ వెనక వేడి కొలిచే పరికరం ఉంటుంది కదా అంటారు. అది కొలిచేది మీ మణికట్టు చర్మాన్ని. లోపల ఎంత కాగుతోందో దానికేం తెలుస్తుంది?

అయితే వాచీ తీసి పారెయ్యమంటావా మాష్టారూ? అనను. మా అబ్బాయి ఊరుకోడు. దాని చేత చేయించుకోవాల్సిన పని వేరు అంటున్నాను.

ఇదుగో, ఈ లాంగ్‌బుక్కు చూడండి. నూరు పేజీలది. వెనక వాళ్ళకి కనపడకపోయినా పర్లేదు, చదువుతాను. తేదీ. ఎంత దూరం. ఎంత టైము. గుండె సగటు. ఆ పక్కన ఇంకో రెండు గళ్ళు గీశాను: ఎండ, ఉక్క. చివర్న నా సొంత మాట. జనవరిలో ఒక రోజు: అయిదు కిలోమీటర్లు, కిలోమీటరుకి ఆరున్నర, గుండె 142, చలి, హాయి. మే నెలలో ఒక రోజు: కిలోమీటరుకి ఏడుంబావు, గుండె 143, ముప్ఫై ఒక డిగ్రీ, కుండ చెమ్మ ఆరలేదు, పర్లేదు. వాచీ ఈ రెండో రోజుని చూసి నువ్వు వెనకబడ్డావు అంటుంది. నేనేమంటాను? గుండె ఖర్చు అంతే, కాబట్టి పని అంతే చేశాను అంటాను. ముప్పావు నిమిషం ఎండ పన్ను కట్టాను. అంతేగా?

అందుకని వేగం అలారం తీసేయండి. ఇవాళే, ఇంటికెళ్ళాక కాదు, ఇప్పుడే. దాని బదులు గుండె అలారం పెట్టుకోండి. ఇంతకి మించి కొట్టుకుంటే చెప్పు, నేనే తగ్గుతాను అని. ఎంత పెట్టాలి? 220 లోంచి వయసు తీసేస్తే వచ్చేది మీ గరిష్ఠం అని వాచీ దానంతట అదే రాసుకుంటుంది. అది సగటు లెక్క. పది పన్నెండు దెబ్బలు అటూ ఇటూ ఉండటం మామూలే. దానికంటే మంచి కొలత మీ నోరు. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంలో మీ గుండె ఎంతుందో చల్లటి రోజున చూసి రాసుకోండి. ఎండాకాలం మామూలు పరుగులన్నీ ఆ అంకె లోపే. నడవాల్సి వస్తే? నడవండి. ఎవరు చూస్తారు? చూసినా వాళ్ళు నడుస్తూ వచ్చినవాళ్ళేగా.

ఒంటికి ఎండ అలవాటు చెయ్యడం అని ఒకటుంది. పదిరోజుల నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. మొదటి నాలుగైదు రోజుల్లోనే రక్తంలో నీటిభాగం పెరుగుతుంది. తర్వాత చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. గమనించండి, నెల కిందట నల్ల టీషర్టు మీద తెల్లటి ఉప్పు చారలు పడేవి, తర్వాత తగ్గుతాయి. ఒళ్ళే ఉప్పు దాచుకుంటుంది, గడుసుది. కానీ రోజంతా ఏసీలో కూర్చుని ఆదివారం ఒక్కరోజు పది కిలోమీటర్లు కొట్టేవాడికి ఇది రాదు. రోజూ కొంచెం. ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకోవాలి. మధ్యలో ఊరెళ్ళి రెండు మూడు వారాలు మానేస్తే చాలావరకు పోతుంది. మళ్ళీ మొదట్నుంచే.

పొద్దునా సాయంత్రమా అని ప్రతివాడూ అడుగుతాడు. తెల్లవారుజామున ఉక్క ఎక్కువ, వేడి తక్కువ. సాయంత్రం గాలి పొడిగా ఉంటుంది గానీ, తారు, సిమెంటు పగలంతా తాగిన వేడిని కక్కుతుంటాయి. మే నెలలో మన ఊళ్ళో అయిదున్నరకల్లా సూర్యుడు వచ్చేస్తాడు. నా మాట అడిగితే అయిదింటికి మొదలుపెట్టి ఆరింటికల్లా ఇంట్లో ఉండండి.

ఇప్పుడు ఈవెంట్స్ పిల్లలకి. ఇది రాసుకోండి బాబూ, మీ ఉద్యోగం సంగతి.

1600 మీటర్లు 8 నిమిషాలంటే రౌండుకి రెండు నిమిషాలు. సుఖమైన లెక్క. కానీ మీరు ఏం చేస్తారు? మొదటి రౌండు నిమిషం ముప్ఫై అయిదులో కొట్టి, మూడో రౌండుకి నడుం మీద చేతులు పెట్టుకుంటారు. చలికాలంలో అట్లా మొదలుపెట్టినా ఏదో ఈడ్చుకొస్తారు. ఎండలో ఆ మొదటి రౌండు అప్పుకి వడ్డీ చాలా ఎక్కువ. చక్రవడ్డీ.

మీలో చాలామంది వాచీ చూసి 1600 అయిందని ఆగిపోతారు. పైన ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహాలు తిరుగుతుంటే అవి పంపే సంకేతాలతో వాచీ మీరెక్కడున్నారో లెక్కగడుతుంది. గొప్ప సంగతే. కానీ ఖాళీ మైదానంలోనే మూడు నుంచి అయిదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. దుర్గగుడి ఫ్లైఓవర్ కింద పరిగెత్తి చూడండి, ఆకాశం కనపడక మిమ్మల్ని కృష్ణలో ఈదిస్తుంది. ట్రాక్ మీద మలుపుల దగ్గర చుక్కలు కలుపుకుంటూ మూల కోసేస్తుంది. ఒక రౌండు 390 అంటుంది, ఇంకో రౌండు 415 అంటుంది. కాబట్టి ట్రాక్ మీద దూరానికి వాచీని నమ్మొద్దు. సున్నం గీతని నమ్మండి.

అయితే గీత దగ్గర కూడా ఒక మోసం ఉంది. మోసం మనదే. మొదటి లేన్లో రౌండు 400. రెండో లేన్లో 407. అక్కణ్ణించి లేనుకి ఏడున్నర మీటర్ల పైచిలుకు పెరుగుతుంది. నాలుగో లేన్లో 422, ఎనిమిదో లేన్లో 453. పొద్దున మొదటి లేన్లో నడిచేవాళ్ళు ఉంటారని నాలుగో లేన్లో నాలుగు రౌండ్లు కొట్టి, ఎనిమిది నిమిషాల ఇరవై అయ్యింది మాష్టారూ, నా వల్ల కాదు అని ఒక పిల్లాడు నా దగ్గర ఏడ్చాడు. ఒరే, నువ్వు పరిగెత్తింది 1690 రా! ఆ తొంభై మీటర్లకి ఇరవై అయిదు సెకన్ల పైన పడుతుంది. నువ్వు ఎప్పుడో పాసయ్యావు అన్నాను. వాడి మొహం చూడాలి అప్పుడు.

దానికి సరిగ్గా తిరగేసింది 100 మీటర్ల దగ్గర జరుగుతుంది. స్నేహితుడు చివర్లో ఫోన్ పట్టుకుని నుంచుంటాడు. చెయ్యి ఊపితే నొక్కుతాడు. 14.8 వచ్చింది అని స్వీట్లు పంచుతారు. చెయ్యి ఊపడం చూసి వేలు కదిలేసరికి కొంత టైము పోతుంది. అందుకే చేత్తో తీసిన 100 మీటర్ల టైముని యంత్రం టైముతో పోల్చాలంటే 0.24 సెకన్లు కలపాలని లెక్క. 14.8కి 0.24 కలపండి. ఎంత? చెప్పండి. 15.04. స్వీట్లు వెనక్కిచ్చెయ్యాలి. మీ సాధనలో 14.5 రానిదే ధీమా పడొద్దు. ఇక 100 మీటర్లకి ఉపగ్రహం వాచీ చూడటం అంటే ఇంటి తూకానికి లారీ కాటా వాడినట్టు. అది సెకనుకి ఒక చుక్క పెడుతుంది, ఆ సెకన్లో మీరు ఏడు మీటర్లు పోతారు.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. 100 మీటర్లకి ఎండ శత్రువు కాదు. కండరం వెచ్చగా ఉంటేనే బాగా లాగుతుంది. వేడిగాలి కాస్త పల్చన కూడా. పదిహేను సెకన్లలో ఒళ్ళు కాగే టైము లేదు. శత్రువు ఎక్కడుందంటే, పది సార్లు 100 కొట్టి, మధ్యలో ఎండలోనే నుంచుని కబుర్లు చెప్పుకుంటారు చూడండి, అక్కడ. పరుగు ఎండలో, విశ్రాంతి చెట్టు కింద. ఈ ఒక్కటీ పాటించండి. 400 మీటర్లు రిపీట్స్, అంటే మధ్యలో ఆగుతూ మళ్ళీ మళ్ళీ, కొట్టేటప్పుడు వాచీ నిజంగా పనికొచ్చేది ఈ విశ్రాంతిలోనే. పరిగెత్తేటప్పుడు చూపించే గుండె అంకె వెనకబడి వస్తుంది. మీరు ఆగాక కూడా అది ఎక్కుతూనే ఉంటుంది. నీడలో కూర్చుని 120కి ఎంతసేపట్లో దిగిందో చూడండి. మొదట్లో నిమిషంన్నరలో దిగేది మూడు నిమిషాలైనా దిగట్లేదంటే ఆ రోజుకి బూట్లు విప్పెయ్యండి. ఇంకొక్కటి మాష్టారూ అనొద్దు.

అమ్మాయి ఏదో చీటీ ఇచ్చింది. "మెల్లగా పరిగెత్తినా నా వాచీ 175 చూపిస్తోంది, గుండెజబ్బా?" అని. కంగారుపడకమ్మా. వాచీ వెనక ఆకుపచ్చ లైటు మిణుకుమంటుంది చూశావా? రక్తం ఆకుపచ్చ వెలుగుని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం ఎక్కువొచ్చి వెలుగు తగ్గుతుంది, దాన్నిబట్టి లెక్కేస్తుంది. పట్టీ వదులైనా, చెమటకి జారినా, గుండెని వదిలేసి చెయ్యి ఊపుని లెక్కపెడుతుంది. మన అడుగులు నిమిషానికి 170, 180. అందుకే అంకె అక్కడ ఇరుక్కుంటుంది. ఆగి, మెడ మీద రెండు వేళ్ళు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవెయ్యి. పోల్చి చూడు. పట్టీని మణికట్టు ఎముకకి రెండు వేళ్ళ పైకి జరిపి బిగించు. ఖచ్చితంగా కావాలంటే ఛాతీకి కట్టే బెల్టు కొనుక్కోవాలి, అది గుండె విద్యుత్తునే పట్టుకుంటుంది. వేళ్ళతో లెక్కపెట్టినా 175 వస్తోందంటే, కళ్ళు తిరిగినా, ఛాతీలో పట్టేసినట్టున్నా, అప్పుడు నా దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి.

నీళ్ళ గురించి తొందరగా చెప్తాను. ఇంట్లో బరువు చూసే మిషన్ ఉందా? వాచీ కంటే ముందు కొనాల్సిన గ్యాడ్జెట్ అదే. పరుగుకి ముందు, తర్వాత, ఒళ్ళు తుడుచుకుని తడిబట్టలు విప్పి తూగండి. ముప్పావు కిలో తగ్గితే ముప్పావు లీటరు చెమట పోయినట్టు. ఎనిమిది నిమిషాల పరుగుకి, అరగంట పరుగుకి మధ్యలో సీసా మోసుకోనక్కర్లేదు. ముందు తాగి రండి, వెళ్ళి దాహమైనంత తాగండి. బరువు పెరిగిందంటే? నీళ్ళు ఎక్కువైనట్టు, అదీ ప్రమాదమే, రక్తంలో ఉప్పు పల్చబడుతుంది. పల్చటి మజ్జిగలో ఉప్పేసుకుని తాగండి, మన పెద్దవాళ్ళ ఓఆర్ఎస్ అదే. కొబ్బరినీళ్ళు మంచివే, కానీ అందులో పొటాషియం ఎక్కువ, ఉప్పు తక్కువ. చెమటలో పోయేది ఉప్పు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టయితే లీటరు నీళ్ళలో కలపాలి. అరలీటరు సీసాలో కుక్కొద్దు.

ఇక వడదెబ్బ. ఇది మాత్రం నెమ్మదిగా చెప్తాను, ఫోన్లు కింద పెట్టండి.

చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని చాలామంది అనుకుంటారు. పరిగెత్తేవాడికి చెమట ధారగా కారుతుండగానే వడదెబ్బ తగలొచ్చు. గుర్తు చెమట కాదు. గుర్తు మాట. పిలిస్తే తిక్కగా సమాధానం చెప్పడం, ఊరకే కోప్పడటం, తూలడం, ఎటు వెళ్తున్నాడో తెలియకపోవడం. లోపల నలభై డిగ్రీలు దాటిందని అర్థం. అప్పుడు ఏం చెయ్యాలి? 108కి ఫోన్ చెయ్యండి, కానీ బండి వచ్చేదాకా కూర్చోవద్దు. ముందు చల్లబరచడం, తర్వాత తీసుకెళ్ళడం. నీడకి లాగి, బూట్లు విప్పి, నీళ్ళ తొట్టి ఉంటే మెడదాకా ముంచండి, తల పట్టుకుని. తొట్టి లేదా? టార్పాలిన్ పట్టా నలుగురు అంచులెత్తి పట్టుకుని మధ్యలో పడుకోబెట్టి నీళ్ళు, ఐసు పొయ్యండి. అదీ లేదా? తడి తువ్వాళ్ళు ఒంటినిండా, నిమిషానికోసారి మారుస్తూ. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పొయ్యొద్దు. మొదటి అరగంటే ప్రాణం. జ్వరమొచ్చి తగ్గిన మరుసటి రోజు, విరేచనాలైన రోజు, రాత్రి నిద్రలేని రోజు పరుగు మానెయ్యండి. కొన్ని జలుబు మాత్రలు, ఎలర్జీ మాత్రలు చెమట పట్టనివ్వవు, అవి వేసుకున్న రోజు కూడా. ఒంటరిగా పరిగెత్తొద్దు. మీ మాట తేడా వచ్చిందని మీకు తెలీదు, పక్కవాడికి తెలుస్తుంది. నాకు తెలిసిందా? చెరకురసం అబ్బాయికి తెలిసింది.

అతను ఇంకా అక్కడే ఉన్నాడు. ఇప్పటికీ నేను కనపడితే ముందు రసం పొయ్యడు, "ఏంటి బాబాయ్" అని అడుగుతాడు. నేను సమాధానం సరిగ్గా చెప్పాకే గెడ పెడతాడు.

సరే, వచ్చే ఆదివారం సంగతి. పొద్దున అయిదింటికి స్టేడియం గేటు దగ్గర అందరూ రండి. 1600 మీటర్లు, మొదటి లేన్లోనే, బ్యాచికి ఎనిమిది మంది. పరిగెత్తే ముందు ఎవరికి వారు ఎంత టైములో వస్తారో చీటీ మీద రాసి నాకివ్వాలి. వాచీలన్నీ ఈ సున్నం బకెట్టులో వేసెయ్యాలి. భయపడకండి, కడిగే తెస్తాను. టైము నేను తీస్తాను, పక్కన ఎండెంతో, ఉక్కెంతో కూడా రాస్తాను. తొందరగా వచ్చినవాడికి కాదు బహుమతి, రాసిన టైముకి దగ్గరగా వచ్చినవాడికి. డజను తాటిముంజలు. ముంజలు తెచ్చే పని ఎవరు తీసుకుంటారు? ఎవరో ఒకరు చెయ్యెత్తాలి బాబూ, మైకు ఇచ్చేస్తున్నా.